బడి యీడు రాని బిడ్డల ఆటలు

మూడేండ్లు నిండిన పిల్లవాడు ఒకచోట కుదురుగా కూర్చుండడు. కూర్చున్నవాడు లేచును, లేచినవాడు పరుగెత్తును, పరుగెత్తి పోయి గడపమీదనుండి దుముకును, దుమికిన చోటనుండి మరల గడప యెక్కి మరల దుముకును. పెద్దలు దీనిని అల్లరి యందురు. ఇంటికి చుట్టములు వచ్చియున్నప్పుడు తల్లికి ఇది సిగ్గుగా కూడ తోచును. చేతులు కట్టుకొని మూలన కూర్చున్న బిడ్డను బుద్ధిమంతుడని మెచ్చుకొనుట మనకు అలవాటు. నిజమునకు, గడపమీదనుండి పదిసార్లు దుముకు బిడ్డ ఆ పదిసార్లును ఒక విద్యను అభ్యసించుచున్నాడు. ఎంత యెత్తునుండి దుమికిన మోకాళ్ళను ఎంత వంచవలెనో, చేతులను ఎట్లు చాపిన ముందుకు తూలిపడకుండ నిలువవచ్చునో, తన శరీరమునే పలకగా చేసికొని దిద్దుకొనుచున్నాడు.

బడి యీడు అనగా మన పెద్దల లెక్కలో సుమారు ఆరవ యేడు. అంతకు ముందున్న మూడేండ్ల కాలమును గురించి ఇప్పుడు ముచ్చటింతము. ఈ యీడు బిడ్డల ఆటలు పలువిధములు. బొమ్మకు అన్నము పెట్టుట ఒక ఆట. ఇసుకలో గుడి కట్టుట ఒక ఆట. అవన్నియు కావలసినవే. కాని ఒళ్ళంతయు కదలు ఆట, అనగా పరుగు, దుముకు, ప్రాకుట, ఎక్కుట, దిగుట, గిరగిర తిరుగుట, విసరుట గల ఆట, మన ఇండ్లలో నానాటికి సన్నగిల్లుచున్నది. పెరడు లేని ఇండ్లు పెరిగినవి. వీధి వాహనముల పాలైనది. వెంట ఆడించు అన్నలు, అక్కలు తగ్గిరి. చేతికి ఫోను నిచ్చిన బిడ్డ గంటసేపు కదలక కూర్చుండుట పెద్దలకు సౌకర్యముగా నున్నది. అందుచేత, ఒకప్పుడు ఎవరును పూనుకొనకయే బిడ్డకు దొరకినదానిని నేడు తల్లిదండ్రులును, పంతులమ్మలును తెలిసి సమకూర్పవలసి వచ్చినది.

ఇట్టి ఆటవలన బిడ్డకు కలుగు లాభమేమి? మొదటిది ఎముకల బలము. పసిబిడ్డ అస్థిపంజరములో మెత్తని మృదులాస్థి భాగము హెచ్చుగా నుండును. ఏండ్లు గడచిన కొలది అది గట్టిపడి ఎముకగా మారును. దుముకునప్పుడును, పరుగెత్తునప్పుడును ఎముకపై పడు బరువు దానిని మరింత దృఢపరచును. రెండవది గుండె, ఊపిరితిత్తుల సత్తువ. మూడవది తూకము. మన లోచెవిలో అర్ధవృత్తాకారముగ వంగిన మూడు సన్నని గొట్టములు కలవు. వానిలోని ద్రవము తల తిరిగినప్పుడెల్ల కదలి, తల ఎటు తిరిగినదో మెదడునకు తెలుపును. కన్ను చూచిన వార్త, లోచెవి చెప్పిన వార్త, అరికాలికి తగిలిన నేల స్పర్శ, కండరముల బిగువు, ఈ నాలుగును మెదడులో ఒకటిగా కలిసినగాని మనుష్యుడు తూలక నిలువజాలడు. ఈ నాలుగింటిని కలుపుకొను నేర్పు అభ్యాసముచేత వచ్చునదే. ఆ అభ్యాసమునకు ఆటను మించినది లేదు.

నాలుగవ లాభము పైకి కనబడదు. అది తన్ను తాను నిలుపుకొను శక్తి. పరుగెత్తుట సులభము, పరుగెత్తుచు ఒక మాట వినగనే ఆగిపోవుట కష్టము. తన వంతు వచ్చువరకు ఓపిక పట్టుట, నియమమును మనసులో నిలుపుకొనుట, దొంగ యెవరో మరువకుండుట ఇవన్నియు ఆటలోనే బిడ్డకు పట్టుబడును. తరువాతి కాలములో బడిలో కూర్చుండి పాఠము వినుటకు కావలసిన నిగ్రహము ఇదియే. బిడ్డను మూడవయేటనే బల్లకు కట్టివేసి అక్షరములు దిద్దించినచో చదువు త్వరగా వచ్చునని తలంచువారు ఈ సంగతి ఆలోచింపవలెను. పలకమీద వ్రేళ్ళు నిలుచుటకు ముందు భుజము నిలువవలెను. భుజము బలపడుట ప్రాకుట, వ్రేలాడుట, బంతి విసరుటవలన జరుగును.

ఏ యీడున ఏది చేతనగునో పెద్దలు ఎరిగియుండిన మంచిది. మూడేండ్ల బిడ్డ సాధారణముగ ఒక్కొక్క మెట్టున ఒక్కొక్క కాలు మార్చి మార్చి వేయుచు మెట్లు ఎక్కగలడు. మూడు చక్రముల బండి త్రొక్కగలడు. రెండు కాళ్ళు కూర్చి దుముకగలడు. ఒంటికాలిపై నిలుచుట అతనికి రెండు మూడు క్షణముల పని. నాలుగేండ్ల బిడ్డ ఒంటికాలితో గెంతగలడు. మెట్లు దిగునప్పుడును కాళ్ళు మార్చుకొనగలడు. అయిదేండ్ల బిడ్డ అడుగు వేసి గెంతి, మరల అడుగు వేసి గెంతుచు సాగిపోగలడు. ఒంటికాలిపై సుమారు పది క్షణములు నిలువగలడు. ఇవి కొలబద్దలు గావు. ఒక బిడ్డ ముందు, ఒక బిడ్డ వెనుక. ఒకడు కొంచెము ఆలస్యముచేసిన కంగారు పడనక్కరలేదు. చాల ఆలస్యమైనచో, లేదా వచ్చిన నేర్పు పోయినచో మాత్రము వైద్యునికి చూపవలెను.

ఎంతసేపు ఆడవలెనను ప్రశ్నకు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఒక సమాధానము చెప్పినది. మూడు, నాలుగేండ్ల బిడ్డలు దినమునకు కనీసము 180 నిమిషములు ఏదో ఒక విధముగ ఒళ్ళు కదలించుచుండవలెను. అందులో 60 నిమిషములైనను రొప్పు వచ్చునంతటి ఆట కావలెను. తెరముందు కదలక కూర్చుండు కాలము గంటకు మించరాదు, తక్కువైనకొలది మేలు. నిద్ర, పగటి కునుకుతో కలిపి, 10 మొదలు 13 గంటలుండవలెను. మూడు గంటలు అనగనే తల్లులు బెదరనక్కరలేదు. ఇది ఒక్క బిగిని చేయవలసిన పని గాదు. ఉదయము పది నిమిషములు, అంగడికి నడచిపోవునప్పుడు పదిహేను నిమిషములు, సాయంకాలము ముప్పావు గంట, ఈ విధముగ దినమంతటను ముక్కలు ముక్కలుగ కూడినను లెక్కకు వచ్చును. చిన్నబిడ్డల కదలిక స్వభావతః అట్టిదే: ఒక్కసారి ఉరుకుదురు, ఆగుదురు, మరల ఉరుకుదురు.

బాలశిక్షణలో ఆటకు స్థానమిచ్చుట క్రొత్త మాట గాదు. జర్మనీ దేశమున ఫ్రోబెల్ అను విద్యావేత్త 1837లో బ్లాంకెన్‌బర్గులో చిన్నబిడ్డలకై ఒక శాల తెరచి, 1840లో దానికి బిడ్డల తోట అను అర్థము గల కిండర్‌గార్టెన్ అను పేరు పెట్టెను. తల్లులు బిడ్డలతో పాడుచు ఆడింపదగిన ఆటపాటల పుస్తకమును అతడు 1844లో ప్రకటించెను. మన దేశమున గిజుభాయి బధేకా 1920లో భావనగరమున బాలమందిరమును స్థాపించెను. మరియా మాంటిస్సోరి 1939లో మదరాసు చేరి, అడయారులో ఉపాధ్యాయులకు శిక్షణ నిచ్చెను. తెలుగు బిడ్డలకు ఈ విషయమున రేడియో చేసిన సేవయు స్మరింపదగినది. రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్య అని పేరొందిన న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు పిల్లల కార్యక్రమములలో పిల్లల చేతనే ఆడించి పాడించిరి. 1945లో ‘బాల’ పత్రికను ప్రారంభించిరి. 1975 అక్టోబరు 2వ తేదీన సమగ్ర శిశు అభివృద్ధి పథకము ఆరంభమైనది. ఆ పథకము క్రింద నడచు అంగన్‌వాడీలలో మూడు మొదలు ఆరేండ్ల బిడ్డలకు ఆటపాటలతో కూడిన పూర్వ ప్రాథమిక విద్య ఒక ముఖ్య కార్యము. 2020 నాటి జాతీయ విద్యావిధానమును మూడవయేటినుండి విద్యను లెక్కించి, తొలి యేండ్లకు ఆటయే ఆధారమని చెప్పినది.

పుస్తకములలో నున్న ఈ మాటను మన అవ్వలు, అమ్మమ్మలు ఆచరణలో ఎరుగుదురు. తెలుగునాటి ఆటలలో ఈ యీడునకు తగినవి ఎన్నో కలవు. ఒప్పులకుప్పను చూడుడు. ఇద్దరు బిడ్డలు పాదములు దగ్గరగా చేర్చి, చేతులు పెనవేసి పట్టుకొని, వెనుకకు వాలి గిరగిర తిరుగుదురు. ఒకరి బరువును ఒకరు ఆపుకొననిదే ఆట సాగదు. తిరుగుట మానినను ఇల్లంతయు తిరుగుచున్నట్లు తోచుట, ఇంతకు ముందు చెప్పిన లోచెవి ద్రవము ఇంకను ఆగకపోవుటవలననే. మూడేండ్లవానికి పెద్దలు ఎదుట నిలిచి మెల్లగా రెండు చుట్లు తిప్పిన చాలును. అయిదేండ్లవారు తమంత తామే ఆడుకొందురు.

దాగుడుమూతలలో ఒకరు తల్లి. తల్లి దొంగ కన్నులు మూయగా మిగిలినవారు దాగుదురు. తరువాత దొంగకు చిక్కకుండ వచ్చి తల్లిని అంటుకొందురు. మూడేండ్ల బిడ్డ ఈ ఆటలో తన కన్నులు తాను మూసికొని, తానెవరికిని కనబడనని నమ్మును. లేదా నిన్న దాగిన తలుపు వెనుకనే నేడును దాగును. పెద్దలు నవ్వక, తెలియనట్లు నటించి, ఇల్లంతయు వెదకవలెను. ఎదుటివాని కన్నులతో లోకమును చూచుట బిడ్డ నేర్చుకొనునది ఇట్టి ఆటలలోనే. నేల-బండ ఆటలో దొంగ నేల కావలెనో బండ కావలెనో ముందుగా చెప్పును. నేల కోరుకొన్నచో నేలపై దొరకినవారినే పట్టవలెను. అరుగులు, మెట్లు, రాళ్ళు ఎక్కి దిగుటలో కాళ్ళకును, దొంగను ఊరించి తప్పించుకొనుటలో బుద్ధికిని పని కలుగును. అరుగులేని చోట ముగ్గుపిండితో గీసిన గడియే బండ యనుకొనవచ్చును.

తొక్కుడుబిళ్ళ కొంచెము పెద్ద బిడ్డల ఆట. అయినను గడులు గీసి, బిళ్ళ లేకుండ, మూడేండ్లవారిని రెండు కాళ్ళతోను, నాలుగేండ్లవారిని ఒంటికాలితోను దుముకుమని చెప్పవచ్చును. నాలుగు స్తంభముల ఆటయు అయిదేండ్లవారికి తగును. స్తంభమునకొకరు చొప్పున నలుగురు నిలువగా, నడుమనున్న దొంగ, వారు చోట్లు మార్చుకొనునప్పుడు ఖాళీ స్తంభమును పట్టుకొనజూచును. చెమ్మచెక్కలో చేయి చేయి కలిపి తట్టుటవలన కుడియెడమల పొందిక కుదురును. ఆట ముగియగనే రొప్పుచున్న బిడ్డలను చల్లబరచుటకు కాళ్ళాగజ్జె ఉన్నది. కాళ్ళు చాచి వరుసగా కూర్చుండగా పెద్దవారు పాటకు తగినట్లు ఒక్కొక్క కాలిని తాకుచు పోవుదురు. పాట ముగిసినచోటి కాలు ముడుచుకొనును. పరుగుతో మొదలైన ఆట పాటతో ముగియుట మన పెద్దల నేర్పు.

ఈ ఆటలన్నిటిలోను ఒక గొప్ప ఏర్పాటు గలదు. దానిపేరే ఆటలో అరటిపండు. పెద్దపిల్లలు ఆడుచుండగా ఇంటిలోని మూడేండ్ల తమ్ముడో చెల్లెలో తానును వత్తునని ఏడ్చును. వద్దనుటకు మనసొప్పదు, చేర్చుకొన్న ఆట చెడును. అందుచేత ఆ బిడ్డను అరటిపండుగా చేర్చుకొందురు. ఆ బిడ్డ అందరితోను పరుగెత్తును, దాగును, కేకలు వేయును. చిక్కినను దొంగ కాడు. ఇందులో ఎంత వివేకమున్నదో చూడుడు. ఓటమి భయము లేకుండ బిడ్డ ఆటను చూచుచు, ఆడుచు, ఒకటి రెండేండ్లలో నియమములన్నియు గ్రహించును. ఒకనాడు తనకుతానే “నేను అరటిపండును కాను, నన్నూ దొంగను చెయ్యండి” అని అడుగును. ఆనాడు ఆ బిడ్డ పెద్దదైనట్లు. ఇంట ఒక్క బిడ్డయే యున్నచోట, ఇరుగుపొరుగు తలుపులు మూసియున్నచోట ఈ ఏర్పాటు ఉండదు. అరటిపండు కావలసిన బిడ్డకు చేర్చుకొనువారే లేరు. కనుక వారమునకు రెండు మూడు సాయంకాలములైనను, రెండు మూడిండ్ల బిడ్డలను చిన్న పెద్ద భేదము లేక ఒకచోట చేర్చుట నేటి తల్లిదండ్రులు చేయవలసిన మొదటి పని.

ఈ సందర్భమున బడులలో జరుగు ఒక పొరపాటును చెప్పవలెను. కుర్చీలాట వంటి వానిలో ఓడినవాడు వెలుపలికి పోయి కూర్చుండవలెను. మొదట ఓడునది ఎవరు? కాళ్ళు నెమ్మదైన బిడ్డ, బెదురు గల బిడ్డ, క్రొత్తగా చేరిన బిడ్డ. ఆట ఎవరికి ఎక్కువ అవసరమో వారే అందరికంటె ముందు గోడప్రక్కను చేరుదురు; చురుకైనవాడు మాత్రము చివరివరకు ఆడును. దీనిని సవరించుట కష్టము గాదు. కుర్చీలకు బదులు చాపముక్కలు పరచుడు. పాట ఆగినప్పుడెల్ల ఒక చాపను తీసివేయుడు. బిడ్డలను మాత్రము తీసివేయకుడు. మిగిలిన చాపలమీద అందరును ఒకరినొకరు పట్టుకొని ఎట్లో సర్దుకొని నిలువవలెను. చివరి చాపమీద పదిమంది కిలకిల నవ్వుచు నిలుచుట చూచిన, గెలుపు ఒక్కరిది కానక్కరలేదని మనకే తోచును.

చోటు లేదను మాట తరుచుగా వినబడును. పది అడుగుల గది చాలును. నేలమీద సుద్దతో వంకరటింకర గీత గీసి, దానిమీద అడుగు తప్పక నడువుమనుడు. నడచిన తరువాత చేతిలో గిన్నెడు నీళ్ళుంచి నడువుమనుడు. తలగడలు వరుసగా పరచి ఏటిలోని రాళ్ళనుడు; కాలు నీట పడకుండ దాటవలెను. పాతగుడ్డలు చుట్టి దారముతో కట్టిన బంతి గోడకు కొట్టినను ఏమియు పగులదు. కప్పవలె గెంతుట, ఏనుగువలె తొండమూపుచు నడచుట, పీతవలె వెల్లకిలి చేతులు కాళ్ళమీద ప్రాకుట, చీర కొంగులు పట్టుకొని రైలుబండిగా సాగుట, వీనికి ఖర్చు లేదు. పళ్ళెముమీద గరిటెతో తాళము వేయుచుండగా బిడ్డలు గంతులు వేయవలెను. తాళము ఆగగనే ఉన్నవారు ఉన్నట్లు శిలలై నిలువవలెను. ఆగుట నేర్పుటకు ఇంతకంటె మంచి ఆట లేదు. నాన్న వీపున ఉప్పుమూటయై ఎక్కి మెడ చుట్టు చేతులు బిగించి పట్టుకొనుటయు ఆటయే. పట్టు బలమునకు అది చక్కని సాధన.

కొన్ని జాగ్రత్తలును చెప్పవలెను. అయిదేండ్లలోపు బిడ్డను మణికట్టు పట్టుకొని గుభాలున పైకి లాగుట, చేతులు పట్టి ఊయలవలె ఊపుట తగదు. ఆ యీడున మోచేతి ఎముకను చుట్టి పట్టియుంచు కట్టు ఇంకను గట్టిపడి యుండదు. లాగినప్పుడు ఎముక తల ఆ కట్టునుండి జారవచ్చును. బిడ్డ చేయి వ్రేలాడవేసి కదలింపనీయక ఏడ్చినచో, నూనె రాచి తోమింపక, వెంటనే వైద్యునియొద్దకు తీసికొనిపోవలెను. ఎత్తవలసివచ్చిన చంకల క్రింద చేతులుంచి ఎత్తుడు. మన ఎండలు తీక్ష్ణమైనవి. చెమటతో ఒళ్ళు చల్లబరచుకొను శక్తి పిల్లలకు పెద్దలకున్నంత యుండదు. వేసవిలో ఆట ప్రొద్దెక్కక ముందును, ప్రొద్దువాలిన తరువాతను జరుగవలెను. నడుమనడుమ మంచినీళ్ళు త్రాగింపవలెను. పిట్టగోడ లేని డాబా, మూతలేని నీళ్ళతొట్టి, బావి, వాహనములు తిరుగు వీధి ఆటస్థలములు గావు. ఆడుట బిడ్డపని, కనిపెట్టియుండుట పెద్దలపని. కనిపెట్టువారు ఫోను చూచుచుండిన కనిపెట్టినట్లు గాదు.

అయినను జాగ్రత్త వేరు, బెదరింపు వేరు. బిడ్డ చిన్న గోడమీదికి ఎక్కగనే “పడతావు, పడతావు!” అని కేకవేసినచో, ఆ కేకకే ఉలికిపడి కాలుజారుట కలదు. దగ్గరకు పోయి, “ఆ రాయి పట్టుకో. ఇప్పుడు కుడికాలు కిందికి పెట్టు” అని మెల్లగా చెప్పిన, బిడ్డ దిగుట నేర్చుకొనును. మోకాలు గీరుకొనుట బాల్యములో భాగము. కడిగి, ఊరడించి, మరల ఆటకు పంపవలెను. ఆడపిల్లకు ఈ దుముకులేమిటని ఆపువారు నేటికిని ఉన్నారు. ఎముక గట్టిపడుటలో ఆడ, మగ అను భేదము లేదు. అట్లే, కాలు సరిగా రాని బిడ్డను, చూపు తక్కువైన బిడ్డను జాలితో ప్రక్కన కూర్చుండబెట్టుట దయ గాదు. నడువలేని బిడ్డ దాగుడుమూతలలో తల్లి కావచ్చును. తాళము వేయువాడు కావచ్చును. అందరును కూర్చుండియే ఆడు బంతియాటలో అందరితో సమానుడు కావచ్చును. నియమము మనము చేసికొన్నదే గదా. బిడ్డకొరకు నియమమును మార్చుట మన చేతిలోనిదే.

ఇరువదిమంది బిడ్డలున్న అంగన్‌వాడీలో ఒక అరగంటను ఈ విధముగ నడుపవచ్చును. మొదటి అయిదు నిమిషములు జంతువుల నడకలు, తరువాత పది నిమిషములు రైలుబండి, నేల-బండ వంటి పరుగులు, పిమ్మట అయిదు నిమిషములు తాళమునకు శిలలగు ఆట, ఆపైన అయిదు నిమిషములు గుడ్డబంతి విసరి పట్టుట, కడపట కాళ్ళాగజ్జె. ఒక ఆట బిడ్డలకు నచ్చినచో నాలుగుసార్లడిగినను ఆడింపుడు. విసుగు మనకేగాని వారికి గాదు; ప్రతి మారును వారికి కొంత క్రొత్త నేర్పు వచ్చుచునే యుండును. ఎవనినైనను ఆడుమని బలవంతపెట్టకుడు. చూచుచు నిలుచున్న బిడ్డయు నేర్చుకొనుచున్నదే. రెండు దినములలో తానే వచ్చి చేరును.

ఈ ఆటలకు రుసుము లేదు; పరికరములు లేవు; పరీక్షయు లేదు. కావలసినది దినమునకు కొంత వేళ, కొంత చోటు, నేలమీదికి వంగుటకు సిద్ధమైన ఒక పెద్దమనిషి. మూడేండ్ల బిడ్డ కొంగు పట్టుకొని లాగి ఆడుకొందము రమ్మని పిలుచు కాలము చాల చిన్నది. ఎనిమిదేండ్లు వచ్చునప్పటికి తోటివారే కావలెనందురు. ఆ పిలుపు వినబడునన్నాళ్ళు, చేతిపని పావుగంటసేపు ఆపియైనను, తల్లులు, తండ్రులు, తాతలు, అవ్వలు లేచిపోయి ఆడుదురుగాక. ఒకప్పుడు పెద్దపిల్లలు మనలను ఆటలో అరటిపండుగా చేర్చుకొనిరి. నేడు బిడ్డల ఆటలో మనమే అరటిపండ్లమైనను తక్కువేమియు లేదు.